లోపం లేని కారు, లోపలున్న సారు

"సారు లోపలుండిపోనారండీ!"

డ్రైవరు గవర్రాజు పోర్టికోలో నిలబడి పెట్టిన కేక ఇది. ఆ కేక రెండంతస్తుల మెట్లెక్కి, మలుపుల్లో పేర్చిన పాత బీరువాలకు గుద్దుకుని, సూపరింటెండెంట్ దక్షిణామూర్తి చెవిలో పడేసరికి "సారు లేకుండాపోనారండీ!" అయి కూర్చుంది. కింద ఇచ్చిన అర్జీలే పైకి చేరేసరికి అర్థం మారిపోయే ఆఫీసది. కేక మాత్రం ఉన్నదున్నట్టు చేరాలనుకోవడం అత్యాశ.

దక్షిణామూర్తి లేచి నిలబడ్డాడు. సెక్షనంతటినీ నిలబెట్టాడు. రెండు నిమిషాల మౌనాన్ని ఒకటిన్నర నిమిషంలో ముగించి సంతాప తీర్మానం చెప్పి రాయించడం మొదలుపెట్టాడు. జాయింట్ డైరెక్టర్ విశ్వంభరరావు గారి మరణం శాఖకు తీరని లోటని మొదటి పేరా. ఆ తీరని లోటును ఇన్‌చార్జి హోదాలో తాను తీరుస్తానని రెండో పేరా. గేటు ముందు కొట్లోంచి బంతిపూల దండ తెప్పించుకుని, ముఖానికి సరిపడా విషాదం పులుముకుని ఆయన కిందికి దిగేసరికి, తీరని లోటు గారు కారు వెనకసీట్లో నిక్షేపంలా కూర్చుని, నాలుగు వేళ్ళ మేర దిగిన అద్దం సందులోంచి ఆయన్నే చూస్తున్నారు.

"ఆ దండ ఎవరికయ్యా?"

"మీకే సార్. అంటే... ఊరికే సార్. ఎప్పుడూ వేయలేదు గదా అని..."

"నేను లాకయ్యాను దక్షిణామూర్తీ. కారులో లాకయ్యాను. నోట్ చేసుకో."

దక్షిణామూర్తి దండ వీపు వెనక దాచుకుని, రెండో చేత్తో నోట్ చేసుకున్నాడు. 'లోకం వీడారు' అన్నచోట 'లాకులో పడ్డారు' అని దిద్దమని పైకి కబురంపాడు. దిద్దుబాటు చిన్నదే కాబట్టి కాగితం వృథా కాలేదు.

జరిగింది చాలా చిన్న సంగతి. పదకొండున్నరకు గవర్రాజు ఎప్పట్లాగే కారును పోర్టికోలో ఆపాడు. ఇంజను కట్టేసి, తాళంచెవి తీసుకుని, దిగి, తన తలుపు వేశాడు. సారు తలుపు తీయడానికి కారు చుట్టూ తిరిగి వస్తుంటే, లోపల 'టక్' మని ఒకే ఒక్క చప్పుడు. నాలుగు తలుపులకూ పవర్ లాకులు పడిపోయాయి. రిమోట్ నొక్కాడు. పలకలేదు. గట్టిగా నొక్కాడు. పైకెత్తి నొక్కాడు. చొక్కాకి తుడిచి నొక్కాడు. తాళంచెవి తలుపు కన్నంలో పెట్టి తిప్పితే, అది లోపల దేనితోనూ సంబంధం లేనట్టు గిర్రున తిరిగింది. పవరుండీ పనిచేయకపోవడం ఆ ఆఫీసులో కొత్తేమీ కాదు గానీ, కారు కూడా నేర్చుకుందని గవర్రాజుకు ఆ రోజే తెలిసింది.

ఆ శాఖ పేరు సులభ పాలనా శాఖ. మిగతా శాఖల్లో పనులు కష్టమవుతున్నాయని, వాటిని సులభం చేయడానికి సూచనలివ్వడం దాని పని. జిల్లా అధిపతి విశ్వంభరరావు గారు. ఆయన సర్క్యులర్లకు ప్రసిద్ధుడు. సర్క్యులర్ పేరుకు తగ్గట్టే గుండ్రంగా ఉంటుంది, తిరిగి తిరిగి వచ్చి రాసినవాడి వీపునే తడుతుంది. కానీ ఆ సంగతి అప్పటిదాకా ఆయన వీపుకు తెలియదు.

ఉద్యోగంలో చేరాక ఆయన తన చేత్తో కారు తలుపు తీసుకున్న దాఖలా లేదు. నిరుడొక ప్రారంభోత్సవంలో తలుపు తీయాల్సిన మనిషి రెండు క్షణాలు ఆలస్యమైతే, సారు చెయ్యి దానంతటది పిడి వైపు కదిలింది. నలుగురూ చూశారు. హోదాకు భంగం. మర్నాడే సర్క్యులర్ నంబరు తొమ్మిది: 'అధికారులు పరాకున తమ తలుపును తామే తీసికొనుటను నివారించు నిమిత్తము, వాహనముల వెనుక తలుపులకు గల చైల్డ్ లాకును శాశ్వతముగా బిగించవలెను. చైల్డ్ లాకు అను పదము అధికారుల వయోపరిమితికి అనుగుణముగా లేనందున ఇకపై దానిని ఆఫీసర్ లాకు అని వ్యవహరించవలెను.' దాంతో వెనక తలుపులు లోపలినుంచి రావు. ఇప్పుడు బయటినుంచీ రావు.

గవర్రాజు భయపడింది సారు కోసం కాదు. మెమో కోసం.

మొదటి మెమో హారన్ బాగుచేసినందుకు వచ్చింది. ఊడిన వైరు తగిలించాడు పాపం. 'అనధికార మరమ్మతు' అన్నారు. రెండో మెమో హెడ్‌లైటు బాగుచేయనందుకు వచ్చింది. మొదటి మెమో చదువుకుని బుద్ధిగా చేతులు కట్టుకున్నాడు. 'విధి నిర్వహణలో ఉదాసీనత' అన్నారు. మూడో మెమో పడితే ఉద్యోగంలోంచి తీసేయాలని సారే ఇంకో సర్క్యులర్ వేశారు. గవర్రాజుకు ఇంకా రెండేళ్ళ సర్వీసుంది, ఇరవై ఆరేళ్ళు చేసిన తరవాత మిగిలిన రెండేళ్ళు. తప్పెవరిదంటే పైవాళ్ళు "మేమా?" అంటారు, కిందివాళ్ళకు మెమో అంటారు. తలుపు బద్దలుకొడితే మెమో. కొట్టకపోతే మెమో.

"సార్," అన్నాడు అద్దం సందులోకి వంగి. "ముందు సీట్లోకి దూరిపోండి. ముందు తలుపులకి ఆపీసరు లాకు లేదు. లోపల్నించి పిడి లాగితే వచ్చీస్తాది."

విశ్వంభరరావు గారు గవర్రాజు కేసి, అర్జీ చివర సంతకం మర్చిపోయిన మనిషిని చూసినట్టు చూశారు.

"ముందు సీట్లోనా? నేనా? కుడివైపు సీటు నియమిత డ్రైవరుది. ఎడమవైపు సీటు బిళ్ళబంట్రోతు దఫేదారుది. నా క్యాడర్ ఏమిటి, వాడి క్యాడర్ ఏమిటి? వెనక నుంచి ముందుకు రావడం మామూలు మనుషులకు ప్రమోషనయ్యా. కారులో డిమోషన్!"

"పోనీ తాళంచెవి ఈ సందులోంచి ఇచ్చీమంటారా? ముందుకి వొంగి ఇంజనుకి పెట్టి తిప్పితే అద్దాలైనా దిగుతాయేమో..."

"అప్పగింతల చార్జి లిస్టు లేకుండా తాళంచెవి స్వీకరించను."

"పోనీ అద్దం పగలగొట్టీసి..."

"ప్రభుత్వ ఆస్తి!" అన్నాడు దక్షిణామూర్తి, పక్కనుంచి.

ఎదురు వరసలో మెకానిక్ షెడ్డు ఉంది. దాని యజమాని చిన్నంనాయుడు కేక విని నూనె గుడ్డతోనే వచ్చాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. తలుపు మీద వేళ్ళతో కొట్టి చూశాడు.

"ఫ్యూజు కొట్టీసుంటాది. లేదంటే తలుపు మడతకాడ రబ్బరుగొట్టంలో వైరు తెగుంటాది. రోజుకి ఇరవైసార్లు తీసి మూత్తే తెగదా మరి? సన్న తీగొకటి తెచ్చి అద్దం సందులోంచి దింపితే పది నిమిసాల పని."

"ఆగు!" అన్నారు లోపలినుంచీ బయటినుంచీ ఇద్దరూ ఒక్కసారే. ఎందుకంటే సర్క్యులర్ నంబరు పదిహేడు ఉంది: 'ప్రభుత్వ వాహనములందలి ఏ లోపమునైనను లోపనిర్ధారణ సంఘము నిర్ధారించనంతవరకు అది లోపముగా పరిగణింపబడదు. పరిగణింపబడని లోపమును సవరించుట నేరము.'

సంఘానికి ముగ్గురు సభ్యులు. కన్వీనరు దక్షిణామూర్తి. సాంకేతిక సభ్యురాలు ఏఈ కల్పవల్లి, భవనాల విభాగం నుంచి డెప్యుటేషన్ మీద వచ్చిన మనిషి. అధ్యక్షులు విశ్వంభరరావు గారే, అంటే తనిఖీ చేయవలసిన వస్తువు లోపలున్నవారు. కమిటీ అంటే 'కమ్, ఇంకో టీ' అని గవర్రాజు ఉద్దేశం. అది అబద్ధం కాలేదు. కారు పక్కన రెండు కుర్చీలు, ఒక బల్ల, మూడు టీలు వచ్చాయి. అధ్యక్షుల వారి టీ సందులో పట్టక బల్ల మీదే చల్లారింది.

కల్పవల్లి ఫైలు తెరిచింది. "లాకుల సమస్యా పరిష్కార క్రమసూచిక సార్. ఏడు అంచెలు. అంచె ఒకటి, ఫిర్యాదుకు ముందు లాకు పనిచేసేదా?"

"పనిచేసింది కాబట్టే గదమ్మా నేను లోపలున్నాను!" అన్నారు అధ్యక్షులు.

"పనిచేసింది, అని రాస్తున్నాను. లాకు పని మూయడం. మూసింది. అంటే పనిచేస్తున్నట్టే సార్."

"తెరవడం కూడా దాని పనే!"

"అది అన్‌లాకు సార్. దానికి వేరే ఫారం."

దక్షిణామూర్తి నచ్చజెప్పాడు. "తాళం పడ్డాక తాళక తప్పదు సార్."

"అంచె రెండు, రిమోటులో బ్యాటరీ. చూశారా గవర్రాజు గారూ?"

"నిన్ననే మార్చానమ్మా." అని, అనేశాక నాలుక కరుచుకున్నాడు గవర్రాజు.

"ఎవరి అనుమతితో?" అన్నాడు దక్షిణామూర్తి, కలం పైకెత్తి.

"అంటే... మార్చాలని నిన్న అనుకున్నానండి. అనుకున్నాను గానీ మార్చలేదండి."

"అనుకోవడానికి అనుమతి అక్కర్లేదు, రాయొద్దు," అంది కల్పవల్లి మెల్లగా. గవర్రాజు కళ్ళతోనే దండం పెట్టాడు.

"అంచె మూడు, ఫ్యూజు. ఫ్యూజుల పెట్టె స్టీరింగు కింద ఉంటుంది. కారు లోపల. దాన్ని చూడాలంటే తలుపు తెరవాలి. తలుపు తెరవాలంటే ఫ్యూజు చూడాలి." ఆమె ఆగి, రెండుసార్లు చదివి, "వాయిదా," అని రాసింది. "అంచె నాలుగు, ఓనర్స్ మాన్యువల్ చూడాలి."

మాన్యువల్ ముందు సీటు ఎదురుగా ఉన్న అరలో, అద్దంలోంచి అట్ట కనబడుతూనే ఉంది. కానీ దక్షిణామూర్తి ఒక ధర్మసందేహం లేవదీశాడు. "ఓనర్స్ మాన్యువల్ అంటే ఓనరు చదవాల్సింది. ఈ బండికి ఓనరు మనం కాదు, ప్రభుత్వం. మనం వాడుకునేవాళ్ళం. ప్రభుత్వం చదివి మనకు సారాంశం పంపాలి."

"రాజధానికి పంపాలంటే ముందు అరలోంచి తియ్యాలి గదండి," అన్నాడు గవర్రాజు.

"అందుకే అదీ వాయిదా."

చిన్నంనాయుడు నెత్తి గోక్కున్నాడు. "బాబూ, నా మాట ఇంటారా..."

"నీ మాట వింటాం. అయితే నిబంధన ప్రకారం ముగ్గురు మెకానిక్కుల అభిప్రాయాలు కావాలి."

"ఈ వీధికల్లా నానొక్కడినే. నానే మూడుసార్లు సెప్పీమంటారా?"

కన్వీనరూ సాంకేతిక సభ్యురాలూ ముఖముఖాలు చూసుకున్నారు. "వేర్వేరు కవర్లలో అయితే అభ్యంతరం లేదు," అన్నాడు దక్షిణామూర్తి. చిన్నంనాయుడు మూడు కాగితాల మీద "ఫ్యూజు" అని మూడుసార్లు రాసి, మూడు కవర్లలో పెట్టి అంటించాడు. అభిప్రాయాలు ఏకగ్రీవంగా ఉండటం అనుమానాస్పదమని సంఘం వాటిని పక్కన పెట్టింది.

ఈలోగా ఇంకో సంగతి జరిగింది. ఆఫీసుకు అర్జీలతో వచ్చినవాళ్ళు పోర్టికో దాటుతూ ఆగారు. ఒక సందు. సందు వెనక ఒక ముఖం. ముఖంలో విసుగు. సందు ముందు బల్ల, కుర్చీలు, ఫైళ్ళు. ఇంతకంటే కౌంటరుకు ఏం కావాలి? పది నిమిషాల్లో కారు డిక్కీ దాటి గేటు దాకా క్యూ కట్టారు. ముందున్న ముసలమ్మ పేరు నీలయ్యమ్మ. పింఛను కాగితంలో పేరు తప్పు పడిందని పద్నాలుగు నెలలుగా తిరుగుతోంది. అర్జీ మడిచి సందులోంచి సారు ఒళ్ళోకి వదిలేసింది.

"ఇది కౌంటరు కాదమ్మా!"

"అన్ని కౌంటర్లలోనూ ఆ మాటే సెప్తారు బాబూ. సంతకం ఎట్టు."

"నేను లోపల ఇరుక్కున్నానమ్మా!"

"నానూ ఇరుక్కున్నాను. పద్నాలుగు నెల్లయింది. నువ్వయితే సీట్లో కూకున్నావు."

మామూలు రోజయితే విశ్వంభరరావు గారు "పైకి రండి" అని కిందికీ, "కిందికి వెళ్ళండి" అని పైకీ తిప్పేవారు. మీటింగుందనేవారు. వెనక తలుపులోంచి జారుకునేవారు. ఇప్పుడు ఆ వెనక తలుపే ఆయన్ని పట్టి కూర్చోబెట్టింది. వేరే దారిలేక సంతకం పెట్టారు. నీలయ్యమ్మ కాగితం తీసుకుని వెలుగులో పట్టి చూసింది. తరవాత గవర్రాజు దగ్గరికొచ్చి, రహస్యం అనుకుంటూ గట్టిగా చెప్పింది. "బాబూ, ఈరిని రోజూ ఇలాగే లాకేసి ఉంచండి. పుణ్యం ఉంటాది."

ఆ పూట శాఖ చరిత్రలో మొదటిసారి పదకొండు అర్జీలు ఒకే రోజున పరిష్కారమయ్యాయి. ఈ అక్రమం ఎలా జరిగిందో విచారించాలని దక్షిణామూర్తి విడిగా ఒక ఫైలు తెరిచాడు.

రెండు గంటలకు గవర్రాజు ఒక విషయం గమనించాడు. సారు మోకాళ్ళు ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నాయి. పొద్దున ఒక ప్రారంభోత్సవంలో సారు రెండు కొబ్బరిబొండాలు తాగడం గవర్రాజు కళ్ళారా చూశాడు. కారు లాకులు పనిచేయకపోయినా మనిషి లాకులు పనిచేయాలి గదా. అవి ఎంతసేపని పనిచేస్తాయి?

"సార్," అన్నాడు గుసగుసగా. "మరేటీ అనుకోకండి. ముందు సీటుకి ఎల్లిపోండి. ఎవులూ సూడరు. నాను అడ్డు నిలబడతాను."

"గవర్రాజూ, ప్రిన్సిపుల్ అనేది ఒకటుంటుంది."

"అది ఉంటాది సార్. ఇది ఉండదు."

విశ్వంభరరావు గారు కళ్ళు మూసుకున్నారు. నుదుటి మీద చెమట. జనవరి నెలలో. తరవాత గొప్ప పరిపాలనాదక్షుడికి మాత్రమే తట్టే ఆలోచన తట్టి, ఒళ్ళో ఉన్న అర్జీ ఒకదాని వెనకవైపు గబగబా రాసి సందులోంచి బయటికి తోశారు. సర్క్యులర్ నంబరు తొమ్మిదికి సవరణ: 'అత్యవసర పరిస్థితులలో వెనుక సీటు అధికారి ముందు సీటును, దానియందు ఆసీనులు కాకుండ, కేవలము దాటవచ్చును.'

"టైపు... బేగి!" అన్నారు. కంగారులో గవర్రాజు భాష వచ్చేసింది.

దక్షిణామూర్తి కాగితం పట్టుకుని మెట్లెక్కాడు. టైపు చేయించాడు. 'ఆసీనులు'లో దీర్ఘం పోయిందని మళ్ళీ చేయించాడు. నంబరు వేయించాడు. కిందికి తెచ్చి సంతకం పెట్టించాడు. పైకి తీసుకెళ్ళి సీలు వేయించాడు. ఏ ఉత్తర్వైనా నోటీసు బోర్డు మీద అంటించిన క్షణం నుంచే అమల్లోకి వస్తుంది. జిగురు దొరకలేదు. కారులోంచి సన్నని మూలుగు వినబడుతోంది. గవర్రాజు షెడ్డుకి పరిగెత్తి చిన్నంనాయుడి ట్యూబు పంచర్ల జిగురు తెచ్చాడు.

"అంటించామండీ!" అని పైనుంచి కేక.

ఈ కేక మాత్రం ఏ అక్షరమూ రాలకుండా చేరింది. విశ్వంభరరావు గారు యాభై ఎనిమిదేళ్ళ దేహాన్ని రెండు ముందు సీట్ల మధ్యలోంచి, ఎక్కడా ఆసీనులు కాకుండా, ఈడ్చుకుంటూ దాటించి, ఎడమ తలుపు పిడి లాగారు. తలుపు తెరుచుకుంది. అంత సులభంగా తెరుచుకున్నందుకు ఆయనే ఒక్క క్షణం నొచ్చుకున్నారు. తరవాత పరిగెత్తారు. క్యూలో ఉన్నవాళ్ళు మర్యాదగా దారిచ్చారు.

ఐదు నిమిషాలకు తిరిగొచ్చిన మనిషి వేరు. నవ్వుముఖం. నడకలో తీరిక. గవర్రాజుకు ఊపిరి వచ్చింది. సారు బయటపడ్డారు, తానూ బయటపడ్డట్టే అనుకున్నాడు. దక్షిణామూర్తి మాత్రం ఫోను చేత్తో పట్టుకుని దారికి అడ్డమొచ్చాడు.

"సార్, మీరు మళ్ళీ లోపలికి వెళ్ళాలి."

"ఏమిటీ?"

"మూడు గంటలకు కలెక్టరేట్‌లో 'సులభ సేవల' సమీక్ష మొదలైపోయింది గద సార్. మీరు లాకయ్యారు, రాలేరు అని పన్నెండింటికే ఈ-మెయిలు పెట్టాను. వాళ్ళు మినహాయింపు ఇచ్చారు. మిమ్మల్ని విడిపించమని ఫైరింజను కూడా పంపారు. బయల్దేరింది. వచ్చేసరికి మీరు బయట ఉంటే, తప్పుడు సమాచారమిచ్చి సమీక్ష ఎగ్గొట్టినట్టు. రికార్డు ప్రకారం మీరు ఇంకా లోపలే ఉన్నారు సార్."

విశ్వంభరరావు గారు తన కాళ్ళకేసి చూసుకున్నారు. కాళ్ళు నేల మీదున్నాయి. రికార్డు ఫైల్లో ఉంది. ఈ రెండిటిలో దేన్ని నమ్మాలో ముప్పయ్యేళ్ళ సర్వీసున్న మనిషికి ఒకరు చెప్పక్కర్లేదు.

"సరే, వెళతాను. కానీ సవరణలో 'దాటవచ్చును' అన్నది వెనక నుంచి ముందుకే గదా. ముందు నుంచి వెనక్కి దాటొచ్చా?"

ఇంకో సవరణ. ఇంకోసారి జిగురు. సారు ముందు తలుపులోంచి దూరి, ఆసీనులు కాకుండా వెనక్కి దాటుకుని, కోటు సర్దుకుని, బందీ ముఖం పెట్టుకుని కూర్చున్నారు. ముందు తలుపు గవర్రాజే వేశాడు.

లోపల కూర్చున్నాక ఆయనకు పాత కోపం మళ్ళీ గుర్తొచ్చింది. ఫైరింజనువాళ్ళు వస్తారు. పత్రికలవాళ్ళు వస్తారు. ఇదంతా ఎవరివల్ల అని అడుగుతారు. ఎవరో ఒకరుండాలి.

"దక్షిణామూర్తీ, రాసుకో. మెమో. డ్రైవరు గవర్రాజుకు. వాహనము లాకులందలి లోపమును ముందుగా కనిపెట్టి నివారించనందుకు. సంజాయిషీ పదిహేను నిమిషములలో."

కల్పవల్లి ఏదో అనబోయింది. "సార్, అతని తప్పు..."

"తప్పు సంగతి తరవాత చూద్దామమ్మా. ముందు మెమో."

గవర్రాజు చేతిలో కాగితం పడింది. మూడోది. పోర్టికో మెట్టు మీద కూలబడ్డాడు. చిన్నంనాయుడు పక్కన కూర్చున్నాడు. "ఏటిరా ఇది? పది నిమిసాల పనికి ఉద్యోగం తీసేత్తారా?"

"నువ్వు ఉండెహె," అన్నాడు గవర్రాజు. ఇరవై ఆరేళ్ళుగా ముందు సీట్లో కూర్చుని, వెనక సీట్లోంచి వచ్చే డిక్టేషన్లు వింటూ ఊళ్ళన్నీ తిరిగినవాడు. బండితోపాటు ఆ భాషా నడపగలడు. ఎప్పుడూ నడపలేదంతే. కల్పవల్లి అడగకుండానే పెన్ను ఇచ్చింది. గవర్రాజు మోకాలి మీద కాగితం పెట్టుకుని రాశాడు. కొట్టేయకుండా, ఆగకుండా రాశాడు.

గంట కొట్టుకుంటూ ఫైరింజను వచ్చింది. గొలుసులు, గునపాలు, ఇనుము కోసే యంత్రంతో నలుగురు దిగారు. వాళ్ళ అధికారి పొట్టిగా, మీసాలతో, తొందరలో ఉన్నాడు. రిజిస్టరు తెరిచి, "ఏం పాడైంది? అది రాసుకుంటే గానీ మేం చెయ్యి వెయ్యం," అన్నాడు.

దక్షిణామూర్తి ఫైలు చేతికిచ్చాడు. పైన ఉన్న కాగితమే సంజాయిషీ. అప్పుడే చేరింది, ఇంకా ఎవరూ చదవలేదు. అధికారి మంటల మధ్య అరిచి అలవాటైన గొంతుతో పైకి చదివాడు. పోర్టికో, క్యూ, మెట్ల మీది సెక్షన్లు, అందరూ విన్నారు.

"'అయ్యా. తమరి సర్క్యులర్ నంబరు పదిహేడు ప్రకారము, సంఘము నిర్ధారించనంతవరకు లోపము లోపము కాదు. ఏడు అంచెలలో సంఘము నాలుగే చూసినది. ఏదియు నిర్ధారించలేదు. కావున కారుకు లోపము లేదు. లోపము లేని కారులో లాకులు పనిచేయుచున్నట్టే. లాకులు పనిచేయుచుండగా తమరు పదకొండున్నర నుంచి దిగలేదనిన, దిగుట తమకు ఇష్టము లేకనే అని తలచితిని. పెద్దల ఇష్టమునకు అడ్డు వచ్చుట సేవకునకు తగదని ఊరుకొంటిని. లేని లోపమును నేను ఎట్లు కనిపెట్టి నివారించవలెనో తెలియజేయ ప్రార్థన. ఇట్లు, గవర్రాజు, డ్రైవరు.'"

 క్యూలో ఒకాయన పక్కవాణ్ణి అడిగాడు. "అయితే బండి బాగానే ఉందా?"

"బాగానే ఉందట. సారే దిగలేదట."

"మరి నాలుగ్గంటలు లోపలేటి సేసినట్టు?"

ఫైరు అధికారి రిజిస్టరు చంకలో పెట్టుకుని కారు దగ్గరికి నడిచాడు. ముందు ఎడమ తలుపు పిడి పట్టుకుని ఊరికే లాగి చూశాడు. వచ్చేసింది. ఆ తలుపు కేసి, ఇనుము కోసే యంత్రం కేసి, వెనక సీటు కేసి వరసగా చూశాడు.

"సార్, ఒక్కమాట చెప్పండి. నేను కలెక్టరు గారికి రిపోర్టివ్వాలి. ఈ లాకు పాడైందా, పాడవలేదా?"

విశ్వంభరరావు గారు రెండు జవాబులూ మనసులోనే తూచి చూసుకున్నారు. పాడైందంటే, నిర్ధారణ కాని లోపాన్ని ఒప్పుకున్నట్టు, అనుమతి లేకుండా తెరిచినట్టు. తెరిచింది ఎవరో పదకొండు అర్జీలవాళ్ళు కళ్ళారా చూశారు. పాడవలేదంటే, సమీక్ష ఎగ్గొట్టి నాలుగ్గంటలు నీడపట్టున కారులో కూర్చున్నట్టు. ఆయన దక్షిణామూర్తి కేసి చూశారు. దక్షిణామూర్తి ఆకాశం కేసి చూశాడు. కల్పవల్లి క్రమసూచికలో ఐదో అంచె వెతుకుతున్నట్టు తలొంచుకుని పెదవి కొరుక్కుంటోంది.

చివరికి సారు గొంతు సవరించుకున్నారు.

"పరిశీలనలో ఉంది."

"ఏది సార్, లాకా?"

"లాకు, కారు, సమీక్షకు గైర్హాజరు... అన్నీ పరిశీలనలో ఉన్నాయి."

"మరి మెమో సార్?" అన్నాడు దక్షిణామూర్తి. "ఖాయం చేస్తే లోపం ఉన్నట్టు మీరే రాసిచ్చినట్టవుతుంది. రద్దు చేస్తే లేనట్టు రాసిచ్చినట్టవుతుంది."

"మెమో కూడా పరిశీలనలోనే ఉంచు."

ఫైరు అధికారి అదే మాట రిజిస్టరులో రాసుకుని, మనుషుల్ని ఎక్కించుకుని వెళ్ళిపోయాడు. చిన్నంనాయుడికి మాత్రం ఏమీ బోధపడలేదు. "ఒరే, ఇంతకీ నీ ఉద్యోగం ఉన్నట్టా, ఊడినట్టా?" అన్నాడు గవర్రాజు చొక్కా లాగి.

"రికార్డు గదిలో పైన అటక మీద మా నాన్న టైములో పరిశీలనకెళ్ళిన కాగితాలున్నాయిరా," అన్నాడు గవర్రాజు, లేచి ప్యాంటు దులుపుకుంటూ. "ఒక్కటీ కిందికి దిగలేదు. నాకు రెండేళ్ళే. పద, టీ తాగుదాం."